తాళం పడింది!

రాష్ట్ర గీతం రాసిన అందెశ్రీది జనగామ దగ్గరి రేబర్తి. ఒగ్గుకథను ఊరూరా మోగించిన చుక్క సత్తయ్యది జనగామ జిల్లానే. పాలకుర్తి సోమనాథుడైతే వీణలనూ రాగాలనూ పేరుపేరునా లెక్కగట్టాడు. అదే గడ్డ మీద సర్కారు బడికి సంగీతం సారు కావాలంటే వినతిపత్రం పట్టుకుని నేతల గడప తొక్కాలి!

ఆరు నుంచి ఎనిమిది దాకా వందమంది పిల్లలు దాటితే కళలకు పార్ట్‌టైమ్ బోధకుడుండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. చట్టాలు చేసేవాళ్లకే చట్టం చదివి వినిపించాలన్నమాట.

జనగామైనా, మానుకోటైనా, భూపాలపల్లైనా ఓట్లప్పుడు ప్రచార బండికి పాటగాడు, డప్పు ఇట్టే దొరుకుతాయి. బడికి మాత్రం ‘చూద్దాం’ రాగమే. ఇక్కడి ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నిక 2025లోనే అయిపోయింది. మళ్లీ 2031లో. అందాకా సాధన చేస్తూ ఉండండి, సార్లూ!