కాలనీ ప్లాను గీసేవారు వినకూడని ఐదు సలహాలు

లేఅవుట్ వేసేటప్పుడు ప్లాటు ఎన్ని గజాలు, ఏ ఫేసింగు, ముందు ఎన్ని అడుగుల రోడ్డు అని అందరూ అడుగుతారు. పాలకో బడికో బస్సుకో బయల్దేరిన మనిషి ఎంత దూరం నడవాలో మాత్రం ఎవరూ కొలవరు. ఆ నడకను రెట్టింపు చేసే సలహాలకు కొదవ లేదు. వాటిలో ఇవి ఐదు.

1. "డెడ్ ఎండ్ వీధులు వేయండి, ప్రశాంతంగా ఉంటుంది."

బండ్ల రద్దీ తగ్గే మాట నిజమే. కానీ బండిని ఆపిన గోడే మనిషినీ ఆపుతుంది. 1929లో న్యూజెర్సీలోని రాడ్‌బర్న్‌లో క్లారెన్స్ స్టీన్, హెన్రీ రైట్ ఇలాంటి వీధులే వేశారు. అయితే ఇళ్ల రెండోవైపు కాలిబాటలు వేసి పార్కుకు కలిపారు, రోడ్డు కింద నుంచి నడకదారి ఇచ్చారు. తర్వాత ఆ పద్ధతిని ఎత్తుకున్న ఎన్నో కాలనీలు మూసిన వీధిని ఉంచుకుని కాలిబాటను వదిలేశాయి. మీరు వీధి చివర రెండు ప్లాట్ల మధ్య ఒక బాట వదలండి. కార్లు దూరకుండా రాతి స్తంభాలు పాతండి, చక్రాల కుర్చీ పట్టేంత సందు ఉంచండి. వీధి ఎదురుగా వచ్చి ఆగిన ప్లాటుకే కదా వీధిపోటు! దారి ముందుకు సాగితే ఆ బెంగా ఉండదు.

2. "ఒక్కటే గేటు పెట్టండి, భద్రంగా ఉంటుంది."

వెనక గోడ అవతలే బస్టాపు ఉన్న కాలనీలో ఏం జరుగుతుందో చూడండి. కొన్నాళ్లకు గోడలో నాలుగు ఇటుకలు ఊడతాయి, కింద రెండు రాళ్లు మెట్లవుతాయి. ఇళ్లలో పనికొచ్చే ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, తల వంచి ఆ కంతలోంచి దూరతారు. పిల్లలు ముందు స్కూలు బ్యాగు అవతలికి విసిరి, తర్వాత తాము దూకుతారు. కంత పూడ్చడం కాదు, అక్కడ నడిచేవాళ్లకు చిన్న గేటు పెట్టడం పరిష్కారం. మనుషులు తిరిగే వీధికి ఆ మనుషుల కళ్లే కాపలా అని నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ 1961లోనే వాదించింది.

3. "గళ్ల నుడికట్టులా గీస్తే చాలు."

గడి ఎంత పెద్దదన్నదే అసలు సంగతి. అమెరికాలో పోర్ట్‌లాండ్ నడిబొడ్డున బ్లాకు 200 అడుగులు, సాల్ట్ లేక్ సిటీలో 660. బ్లాకు మధ్యలోని ఇంటి నుంచి వెనక వీధిలో సరిగ్గా అటువైపున్న ఇంటికి వెళ్లాలంటే మొదటి ఊళ్లో సుమారు 120 మీటర్లు, రెండో ఊళ్లో 400. రెండూ గళ్ల ఊళ్లే. బ్లాకు పొడవు తగ్గించండి. తగ్గించలేకపోతే మధ్యలో సందు ఇవ్వండి.

4. "రోడ్లు వెడల్పు చేస్తే అన్నీ సర్దుకుంటాయి."

చండీగఢ్ సెక్టారు 800 మీటర్ల వెడల్పు, 1200 మీటర్ల పొడవు. లోపల అంగళ్ల వీధి ఉంది, పచ్చదనం మధ్య కాలిబాటలు ఉన్నాయి. సెక్టారు చుట్టూ ఉన్నవి వేగంగా పోయే బండ్ల కోసం వేసిన రోడ్లు. లోపల హాయిగా నడిచిన మనిషికి పక్క సెక్టారుకు దాటేటప్పుడే కష్టం. వెడల్పు రోడ్డు ఒకటి వేసేకన్నా ఇరుకు వీధులు నాలుగు మేలు. పెద్ద రోడ్డు తప్పనప్పుడు కాలిబాట వచ్చి కలిసే చోటే దాటే ఏర్పాటు ఉండాలి.

5. "పక్క వెంచరుతో మనకేం పని?"

ఈ మాట విన్న ప్రతి వెంచరూ ఒక దీవి అవుతుంది. గోడ అవతలి స్నేహితుడి దగ్గరికి కూడా మెయిన్ రోడ్డు ఎక్కి దిగాలి. కనీసం రెండు వీధులను సరిహద్దు దాకా తీసుకెళ్లి వదలండి, ఆ చివరను ప్లాటు చేసి అమ్ముకోకండి. రేపు అవతల లేఅవుట్ వచ్చినప్పుడు అక్కడే కలుస్తుంది.

ప్లాను అనుమతికి పంపేముందు ఒక్క పని చేయండి. అన్నిటికన్నా దూరంగా ఉన్న ఇంటి నుంచి బస్టాపుకు స్కేలు పెట్టి తిన్నగా గీత గీయండి. పక్కనే, నడవాల్సిన దారి కూడా గీసి రెండూ కొలవండి. రెండోది మొదటిదానికి ఒకటిన్నర రెట్లు దాటితే, ఏ గోడ అడ్డొచ్చిందో, ఏ ప్లాటు పక్కన బాట వదలాలో ఆ గీతే చూపిస్తుంది. హద్దురాళ్లు పాతకముందే ఆ మార్పు చేయండి. రిజిస్ట్రేషన్లు అయ్యాక ఒక్క గజం వెనక్కి తేవడం కూడా ఎవరి తరమూ కాదు.