పిల్ల కాదు, పెద్దదిక్కు

పెళ్లయి రెండేళ్లు నిండకుండానే ఇంట్లోకి కుక్కపిల్లనో పిల్లికూననో తెచ్చుకున్న జంట గురించి చుట్టాలు అనుకునే మాట ఒకటుంది. "పిల్లల్ని కనే ముందు ట్రయల్ వేసుకుంటున్నారు" అని. సరదా మనుషులు దీన్ని నవ్వుతూ అంటారు, మనవడి కోసం కాచుక్కూచున్నవాళ్లు నిట్టూరుస్తూ అంటారు. ఎలా అన్నా వాళ్ల లెక్క ఒకటే, కుక్క అంటే బిడ్డకు బదులు. ఆ లెక్కలోనే తప్పుందని నా వాదన. కొండాపూర్‌లోనో మధురవాడలోనో రెండు పడకగదుల ఫ్లాట్లో కాపురం పెట్టిన ఆలుమగల ఇంట్లో ఉయ్యాల కంటే ముందు ఖాళీ అయినది ఒక కుర్చీ. ఉమ్మడి కాపురాల రోజుల్లో అత్తగారో, మామగారో, ఎవరూ లేకపోతే ఓ మేనత్తో కూర్చుని వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ కనిపెట్టిన కుర్చీ అది. కుక్క వచ్చి ఎక్కింది దాన్నే. ఎక్కడమంటే మాటవరసకు కాదు, హాల్లో ఫ్యాను కిందున్న మంచి చోటు ఇప్పుడు దానిదే. మగడు నేల మీద చాపేసుకుని లాప్‌టాప్ చూసుకుంటున్నాడు.

నిదర్శనాలు తెల్లవారుజామునే మొదలవుతాయి. చంటిబిడ్డ ఏడుపుకు వేళాపాళా లేదు. పెద్దవాళ్లకు వేళ ఉంది, అయిదున్నర. తాము లేస్తే చాలదు, ఇల్లంతా లేవాలి. లాబ్రడార్‌దీ అదే పద్ధతి. ముందు పడకగది తలుపు ఒక్కసారి గోకుతుంది. ఆగుతుంది. లోపల మంచం కిర్రుమనకపోతే తలుపు కింది సందులో ముక్కు ఆనించి పొడుగ్గా ఓ ఊపిరి వదులుతుంది. మొరగదు. మొరిగితే కసురుకోవచ్చు, నిట్టూరిస్తే ఏం చేస్తాం? "ఈ కాలం పిల్లలు ఎండ నెత్తికెక్కినా లేవరు" అన్న మాట మొత్తం ఆ ఊపిరిలో ఉంటుంది. రాత్రి ఆలస్యంగా వస్తే గుమ్మంలోనే తనిఖీ. కుక్క ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 30 కోట్ల దాకా ఉంటాయి, మనిషికి ఉన్నవి సుమారు 60 లక్షలు. కాబట్టి బూట్లు, ప్యాంటు అంచు, చేతివేళ్లు వరసగా వాసన చూశాక ఎక్కడ తిన్నారో, ఏం తిన్నారో, ఎవరింట్లో ఇంకో కుక్క తల నిమిరారో అన్నీ తేలిపోతాయి. ఆ చివరిది బయటపడితే ఆ పూటకి మాటల్లేవు. ఇక ఆలుమగలిద్దరూ సోఫాలో కాస్త దగ్గరగా కూర్చున్నారంటే ఎక్కడున్నా వచ్చి, మధ్యలో సందు లేకపోయినా చేసుకుని, సర్దుకుని కూర్చుంటుంది. ఇది పసితనపు ఈర్ష్య అంటారు కొందరు. ఉమ్మడి కాపురం చేసిన ఏ అమ్మమ్మనైనా అడగండి, దీనికి వేరే పేరు చెబుతుంది.

వంటింటి సాక్ష్యం ఇంకా గట్టిది. బిడ్డకు ఏడాది దాటితే ఇంట్లో వండిందే కొంచెం కొంచెంగా అలవాటు చేస్తారు. కుక్కకు అలా కుదరదు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్‌ను దాని ఒళ్లు త్వరగా వదిలించుకోలేదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు, అంటే చక్కెరపొంగలి ప్రసాదం కూడా కిస్‌మిస్ ఏరకుండా పెట్టడానికి లేదు. మనం కార్తీకమాసం నెల రోజులు ఉల్లి మానేసి ఊరంతా చెప్పుకుంటాం, దానికి ఏడాది పొడుగునా కార్తీకమే. అందుకని దానికి వేరే పొయ్యి, వేరే గిన్నె. గుప్పెడు బియ్యం, రెండు క్యారట్ ముక్కలు, ఓ కోడికాలు, ఉప్పూ కారం లేకుండా చిన్న కుక్కర్‌లో పెట్టాలి. ఉడికిన ఎముక పెళుసుబారి గొంతులో గుచ్చుకుంటుంది కనుక చల్లారాక వేళ్లతో తడిమి చిన్న పుల్ల కూడా మిగలకుండా తీసి, పళ్లు లేని తాతగారికి మెదిపినట్టు మెదిపి పెట్టాలి. ఇంతా చేసిన ఆ చేతులే తమ కోసం ఫోన్లో బిర్యానీ ఆర్డరు పెట్టుకుంటాయి. ఉల్లి ముట్టని మనిషి కోడిని తింటుందా అని ఆక్షేపించవచ్చు. నియమాల్లో తమకు ఒప్పినవి ఉంచుకుని మిగతావి ఇతరులకు వదిలేయడం పెద్దరికానికి ఉన్న హక్కే కదా.

"మరి దాన్ని 'నాన్నా' అంటున్నారే, 'బంగారుతల్లీ' అంటున్నారే, తమను తాము మమ్మీ డాడీ అని చెప్పుకుంటున్నారే" అని అవతలివారు తమ పెద్ద ఆధారం బయటికి తీస్తారు. ఇంగ్లీషువాడికైతే ఇది ఆధారం. తెలుగువాడికి కాదు. కొడుక్కి అన్నం తినిపిస్తూ "తిను నాన్నా" అనేది తండ్రే. నాలుగేళ్ల కూతుర్ని పట్టుకుని "ఇటు రా అమ్మా" అనేది కన్నతల్లే. మన భాషలో ముద్దు ముదిరితే వరస తలకిందులవుతుంది. మగడు కుక్కను "నాన్నా" అంటాడు, భార్య అదే కుక్కతో "డాడీ దగ్గరికి వెళ్లు" అంటుంది. ఎవరికెవరు నాన్నో పిలుపులు పట్టుకుని తేల్చబోతే ఏ కోర్టూ తేల్చలేదు.

పోనీ, వయసు పట్టుకుని తేల్చుదాం. కుక్కకు ఒక ఏడు మనకు ఏడేళ్లతో సమానమని వాడుకలో ఉన్న లెక్క తప్పుల తడక. 2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖవారు 104 లాబ్రడార్ల డీఎన్‌ఏ మీద వయసుతో వచ్చే గుర్తులను చదివి, మనుషుల గుర్తులతో పోల్చి కొత్త లెక్క కట్టారు. దాని ప్రకారం ఏడాది నిండిన లాబ్రడార్‌కి మన లెక్కలో 31 ఏళ్లు. రెండేళ్లకు 42, నాలుగేళ్లకు 53. ఇప్పుడు ఆ ఇంటి వరస చూడండి. మగడికి 29, ఇల్లాలికి 27. కుక్కపిల్ల మొదటి పుట్టినరోజుకు నెత్తిన కాగితపు టోపీ పెట్టి, కేకు కోసి, ఫొటోలు తీసుకున్న నాటికే అది ఇంటాయన కంటే రెండేళ్లు పెద్దది. ఆ టోపీ కింద దాని మొహంలో కనబడేది అమాయకత్వం కాదు, అల్లుడి ముచ్చట కోసం ఓర్చుకుంటున్న మామగారి సహనం. ఇంకో మూడేళ్లకు అది ఆఫీసుల్లో స్వచ్ఛంద పదవీ విరమణ కాగితాలు అందుకునే ఈడుకు వస్తుంది. దాన్ని ఇంకా "బేబీ" అంటున్నారంటే లోపం జీవశాస్త్రంలో లేదు.

పిల్లి సంగతికొస్తే వాదించాల్సిన పని కూడా లేదు. పడకకుర్చీ తాతగారు ఎలా ఉంటారో అలా ఉంటుంది. రోజుకు పన్నెండు నుంచి పదహారు గంటలు నిద్ర. 2013లో జపాన్ పరిశోధకులు ఇళ్లలో పెరిగే 20 పిల్లులకు అపరిచితుల గొంతులూ యజమాని గొంతూ వినిపించి చూశారు. యజమాని గొంతును అవి పోల్చుకున్నాయి, చెవి కదిపాయి, తల తిప్పాయి. లేచి మాత్రం రాలేదు. వినబడక పలకనివాళ్లు వేరు, విని పలకనివాళ్లు వేరు. ఈ రెండో రకానికి మనిళ్లలో కొరత ఎన్నడూ లేదు. తీపి రుచి పట్టే జన్యువు పనిచేయదు కాబట్టి పాయసం పెట్టినా పిల్లి మొహం తిప్పుకుంటుంది. ఎదిగాక చాలా పిల్లులకు పాలు కూడా అరగవు, కళ్లు మూసుకుని తాగినా సరే. ఇంత బెట్టు చేసేదీ ఆకలేసినప్పుడు గురగురలోనే సన్నని ఏడుపు లాంటి ధ్వని కలుపుతుందని 2009లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంవారు పట్టుకున్నారు. ఆ ఏడుపు పౌనఃపున్యం పసిబిడ్డ ఏడుపుకు దగ్గరగా ఉంటుందట. పసితనం నటించడం పసివాళ్లకు చేతకాదు, దానికి అనుభవం కావాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. పెద్దవాళ్లకు మనం ఏమీ నేర్పలేం. కుక్కకు కూర్చోమంటే కూర్చోవడం, చెయ్యి ఇమ్మంటే ఇవ్వడం నేర్పుతున్నాం కదా? నేర్పుతున్నాం, బిస్కెట్ చేతిలో ఉన్నంతసేపు. మామగారికి వాట్సాప్ నేర్పిన కోడలిని అడిగితే ఆ చదువు ఎంతవరకు వంటబట్టిందో చెబుతుంది. అసలు ఎవరు ఎవరికి నేర్పుతున్నారన్నది వేరే ప్రశ్న. పావ్‌లోవ్ చప్పుడుకీ తిండికీ ముడిపెట్టి, తిండి లేకపోయినా చప్పుడుకే కుక్కకు చొంగ కారేటట్టు చేశాడని మనం బళ్లో చదువుకున్నాం. ఈ ఫ్లాట్లో ఖాళీ స్టీలు గిన్నెను కుక్క కాలితో నేల మీద ఒకసారి నెట్టి చప్పుడు చేస్తే, ఆఫీసు మీటింగులో మైకు ఆపి పరిగెత్తేది ఎవరు? ఇక శునకాన్ని సింహాసనం మీద కూర్చోబెట్టినా దాని గుణం మారదని సుమతీ శతకం చదువుకున్నవారు గుర్తుచేస్తారు. ఒప్పుకుంటున్నాను. గద్దె ఎక్కాక గుణం మారని జీవి అదొక్కటేనా అన్నదే నా సందేహం.

చట్టం, రైల్వే కూడా నా పక్షమే. అయిదేళ్లలోపు బిడ్డకు వేరే బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకుని సంక్రాంతికి ఊరెళ్లిపోవచ్చు. ఎదిగిన కుక్కను ఒళ్లో కూర్చోబెట్టుకుంటానంటే టీటీ ఒప్పుకోడు. ఫస్ట్ ఏసీలో కూపే అయినా, నాలుగు బెర్తుల క్యాబిన్ అయినా మొత్తం తమకే దక్కాలి, లేదంటే దాన్ని బ్రేక్ వ్యాన్‌లో పెట్టెలో పంపాలి. పెళ్లికి కూడా స్లీపర్‌లో వెళ్లొచ్చిన జంట మొదటిసారి ఫస్ట్ ఏసీ మెట్లెక్కేది కుక్క పుణ్యాన. ఇంటిపెద్ద వెంట ఉంటేనే కదా మనవాళ్లు ఖర్చుకు వెనకాడంది. ఇక అపార్ట్‌మెంట్ల సంగతి. సంఘంలో ఎక్కువమంది చేతులెత్తినా పెంపుడు జంతువులను నిషేధించడానికి లేదని, లిఫ్టు ఎక్కొద్దనడానికీ లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. బ్రహ్మచారులకు ఇల్లివ్వం అని గేటుకు బోర్డు తగిలించగలిగిన కమిటీ కుక్క దగ్గర నోరు మూసుకోవాల్సి వచ్చింది. అద్దెకున్నవాళ్లలో అంత స్థిరమైన హోదా ఇంకెవరికీ లేదు. దీపావళి రాత్రి సైతం ఇంటి ఏర్పాట్లు దాన్ని బట్టే. మన చెవి 20 వేల హెర్ట్‌జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి 45 వేల దాకా వింటుంది. అది మంచం కిందికి దూరితే, "పెద్దావిడకు చప్పుళ్లు పడవండీ" అన్న తీరులో కాకరపువ్వొత్తులతో సరిపెట్టి తలుపులు బిగించుకుని కూర్చుంటారు.

వీటన్నిటికంటే పాత సాక్ష్యం ఒకటి ఉంది. మహాభారతంలో తొలి పర్వంలోనే కుక్క న్యాయం అడుగుతుంది. యాగం దగ్గర తన బిడ్డ ఏ తప్పూ చేయకపోయినా కొట్టారని సరమ వచ్చి జనమేజయుడిని నిలదీసి, శాపం పెట్టి పోతుంది. ఆ మహారాజు దగ్గర జవాబు లేదు. చివరికి మహాప్రస్థానంలో పాండవుల వెంట నడిచినది కూడా కుక్కే. దాన్ని వదిలేస్తే స్వర్గానికి రథం ఎక్కవచ్చని ఇంద్రుడు చెప్పినా ధర్మరాజు వదల్లేదు. తీరా చూస్తే ఆ కుక్క ఎవరు? యమధర్మరాజు. అంటే ధర్మరాజుకు సాక్షాత్తూ కన్నతండ్రి. కొడుకుగానో మనవడిగానో తేలి ఉంటే నా వాదన అక్కడే కూలిపోయేది. నాన్న అని తేలింది.

నాన్న కాబట్టే దౌత్యం కూడా దాని చేతిలోనే ఉంది. వెనకటి రోజుల్లో ఆలుమగల మధ్య మాటలు లేకపోతే కబురు అత్తగారి మీదుగా నడిచేది. "అత్తయ్యా, ఆయన్ని భోజనానికి లేవమనండి" అని వంటింట్లోంచి, "అమ్మా, ఆకలి లేదని చెప్పు" అని వసారాలోంచి. ఇప్పుడు అదే తంతు. "చెప్పు నాన్నా డాడీకి, గ్యాస్ అయిపోయి రెండ్రోజులైందని." "మమ్మీకి చెప్పు, బుక్ చేసి కూడా రెండ్రోజులైందని." కుక్క ఇటోసారి అటోసారి చూస్తుంది, తోక ఆడించాలా వద్దా అని ఆలోచిస్తుంది. పాత అత్తగారు కబురు మోసేటప్పుడు తన మాట రెండు కలిపి మోసేది. ఇది కలపదు. నన్నడిగితే ఉమ్మడి కుటుంబ వ్యవస్థలో వందేళ్లలో వచ్చిన సంస్కరణ ఇదొక్కటే.

అసలు అత్తగారు ఊరి నుంచి దిగినప్పుడు ఏం జరుగుతుందన్నది ఒక్కటి మిగిలింది. మొదటి రోజు "ఇంట్లోకా? కుక్కా?" అంటూ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడుస్తుంది. రెండో రోజు తెల్లారి అయిదున్నరకు హాల్లో లైటు వెలుగుతుంది. అక్కడ అంతకుముందే లేచి కూర్చున్న ఇంకో ప్రాణి ఉంటుంది. ఒకరినొకరు చూసుకుంటారు. లోపలి తలుపు ఇంకా వేసే ఉన్న సంగతి ఇద్దరికీ తెలుసు. నాలుగో రోజుకు పెరుగన్నం కంచంలోంచి నాలుగు ముద్దలు పక్కకు పోతుంటాయి, "డాక్టరు వద్దన్నాడమ్మా" అంటే "మీ డాక్టర్లకేం తెలుసు" అన్న జవాబు వస్తుంది. వారం తిరిగేసరికి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకే ఫ్యాను కింద ఒకరు దివాన్ మీద, ఒకరు చాప మీద, ఒకే రకంగా గురక పెడుతుంటారు. ఆలుమగలు టీవీ ఆపేసి, వంటింట్లో గ్యాస్ గట్టు పక్కన నిలబడి గుసగుసగా కాఫీ తాగుతుంటారు.