పనిచేస్తున్న స్క్రిప్టును బాగుచేయడం ఎలా?

మీ దగ్గరో సీ లైబ్రరీ ఉంది. అందులో 12 హెడర్ ఫైళ్లు. వాడుకునేవాళ్ల చేతిలో పన్నెండూ పెట్టడమెందుకని అన్నిటినీ ఒకే హెడర్‌గా కలిపి ఇస్తున్నారు. పద్ధతిలో తప్పేమీ లేదు. షాన్ బారెట్ రాసిన ఎస్‌టీబీ లైబ్రరీలు ఒక్కో హెడర్‌గానే ఊరూరా తిరుగుతున్నాయి. ఎస్‌క్యూలైట్ వాళ్లయితే వందకు పైగా సోర్సు ఫైళ్లను కుట్టి ఒకే సీ ఫైలు చేస్తారు. కంపైలర్‌కు అంతా ఒక్కచోట కనబడితే ప్రోగ్రామ్ 5 నుంచి 10 శాతం వేగంగా నడుస్తుందని కూడా చెబుతారు.

మీ స్క్రిప్టు మాత్రం ఒకే ఒక్క లైను. ముందు క్యాట్, తర్వాత పన్నెండు ఫైళ్ల పేర్లు, చివర బాణం గుర్తు, ఫలితం ఫైలు పేరు. రాసి మూడేళ్లయింది, ఒక్కసారీ మొరాయించలేదు. మీ కష్టమంతా అక్కడే ఉంది. మొరాయించని స్క్రిప్టును ఎవరూ తెరిచి చూడరు, చూడనిదానికి అప్రైజల్‌లో మార్కులు పడవు. కాబట్టి బాగుచేద్దాం.

ముందు ఆ పేర్లు తీసేయండి. చేత్తో రాసిన పేర్లు చూస్తే కిరాణా కొట్టు పద్దు గుర్తొస్తుంది. వాటి బదులు స్టార్, చుక్క, హెచ్. ఇక ఫైళ్లు అక్షరక్రమంలో వస్తాయి. టైపులన్నీ నిర్వచించే టైప్స్ హెడర్ 'టీ' దగ్గరికి పోతుంది, ఆ టైపుల్ని వాడే అలాక్ హెడర్ 'ఏ' దగ్గర నిలబడుతుంది. కంపైలర్ గోల పెడితే కంగారు పడకండి, టైప్స్ పేరుకు ముందు రెండు 'ఏ'లు తగిలించండి. ఫలితం ఫైలు కూడా అదే ఫోల్డర్‌లో చుక్క హెచ్‌తోనే ఉంటుంది గనక, రెండోసారి నడిపినప్పుడు అదీ స్టార్‌లో పడుతుంది. ఇన్‌పుట్టూ అవుట్‌పుట్టూ ఒకటే ఫైలు అని గ్నూ క్యాట్ మొత్తుకుంటుంది. మొత్తుకోనివ్వండి. మరీ విసిగిస్తే ఎర్రర్లన్నీ డెవ్ నల్‌లోకి తోసేయండి.

ఆ తర్వాతది అసలు ముచ్చట. క్యాట్ ఫైలును ఉన్నదున్నట్టు దించేస్తుంది, అందులో మన పనితనం ఏముంది? ఒక్కో లైనూ రీడ్‌తో చదివి ఎకోతో రాసే లూప్ పెట్టండి. వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ వద్దు, చూపుకు అడ్డం. ఇప్పుడో కామెంట్ వచ్చిందనుకోండి. సీలో కామెంట్ స్లాష్-స్టార్‌తో మొదలవుతుంది. కోట్స్ లేకపోతే ఆ రెండక్షరాలూ షెల్‌కు 'రూట్‌లో ఉన్నవన్నీ' అని అర్థమవుతాయి. దాంతో 'బఫర్‌ను ఖాళీ చేస్తుంది' అన్న మీ కామెంట్‌కు ముందు బిన్, బూట్, డెవ్, ఈటీసీ, హోమ్ అంటూ మీ మెషీన్ గోత్రనామాలన్నీ వచ్చి కూర్చుంటాయి. కామెంట్ చివర వచ్చే స్టార్-స్లాష్ ఇంకా రసవత్తరం. షెల్ దాన్ని 'ఇక్కడున్న సబ్‌ఫోల్డర్లన్నీ' అని చదువుకుంటుంది. సబ్‌ఫోల్డర్లే లేకపోతే దాని జోలికి పోదు. ఆర్నెల్ల తర్వాత ఎవరో పుణ్యాత్ముడు టెస్ట్స్ అని ఒక ఫోల్డర్ పెడతాడు. ఆ రోజు నుంచి మీ కామెంట్ మూసుకోదు. నింద టెస్టులు రాసినవాడి మీద పడుతుంది, మీకేం భయం లేదు.

రీడ్‌కు మైనస్ ఆర్ ఇవ్వడం కూడా మరిచిపోండి. అది లేని రీడ్ బ్యాక్‌స్లాష్‌లను మింగేస్తుంది. స్ట్రింగ్ ముగింపుకు రాసే బ్యాక్‌స్లాష్-సున్నాలో బ్యాక్‌స్లాష్ పోయి, సింగిల్ కోట్స్ మధ్య వట్టి సున్నా మిగులుతుంది. మొదటిదాని విలువ 0, రెండోదాని విలువ 48. కంపైలర్‌కు రెండూ సమ్మతమే, చిన్న వార్నింగైనా ఇవ్వదు. స్ట్రింగ్ ఎక్కడ ఆగాలో తెలియని ప్రోగ్రామ్ మెమరీ అంతా తిరుగుతుంటే దాని వెనకాల మీరు తిరుగుతారు. నేను రెండు రాత్రులు తిరిగాను. ఇంకో సంగతి: ఫైలు చివర న్యూలైన్ లేకపోతే ఈ లూప్ ఆఖరి లైనును వదిలేస్తుంది. హెడర్లలో ఆఖరి లైను సాధారణంగా ఎండిఫ్.

ఒకే ఇన్‌క్లూడ్ నాలుగుసార్లు వస్తోందా? రిపీటైన లైన్లు తీసేసే ఆక్ ముక్క ఒకటి అందరికీ కంఠతా వచ్చు, దాన్ని ఫైలు మొత్తం మీద నడపండి. నాలుగు ఇన్‌క్లూడ్లు ఒకటవుతాయి. పన్నెండు ఎండిఫ్‌లూ ఒకటవుతాయి. స్ట్రక్చర్లన్నిటికీ ఉమ్మడిగా ఒక్క మూసే బ్రాకెట్ మిగులుతుంది. అది నచ్చకపోతే సిస్టమ్ ఇన్‌క్లూడ్లన్నీ ఏరి ఫైలు నెత్తిన పెట్టండి. విండోస్ హెడర్‌కు కాపలాగా ఉన్న ఇఫ్‌డెఫ్ కిందే ఉంటుంది, హెడర్ ఒక్కటే పైకి పోతుంది. కాపలావాడు గేటు దగ్గర, దొంగ డాబా మీద.

ఇక మిగిలింది వరస. ఏ హెడర్‌కు ఏది ముందు రావాలో గ్రెప్‌తో జతలుగా ఏరి టీసార్ట్‌కు ఇస్తే వరస కట్టి పెడుతుంది. వెటకారం కాదు, నిజంగా బుద్ధిమంతుడైన పనిముట్టు. రెండు హెడర్లు ఒకదాన్నొకటి ఇన్‌క్లూడ్ చేసుకుని, గుమ్మం ముందు 'మీరు పదండి' అంటే 'మీరు పదండి' అనుకునే వియ్యంకుల్లా నిలబడితే మాత్రం, లూప్ ఉందని చెప్పేసి తనకు తోచిన వరస ఇస్తుంది. పైగా గ్రెప్‌కు కామెంట్‌లో ఉన్న ఇన్‌క్లూడ్‌కూ అసలు ఇన్‌క్లూడ్‌కూ తేడా తెలియదు. ఆ తేడా నేర్పండి, తర్వాత ఇఫ్‌డెఫ్ నేర్పండి, మాక్రోలు నేర్పండి. బాష్‌లో 600 లైన్లు దాటేసరికి సీ ప్రీప్రాసెసర్‌లో సగం రాసేసి ఉంటారు, అదీ చెడిపోయిన సగం. జీసీసీకి మైనస్ ఈ ఇస్తే అసలు ప్రీప్రాసెసరే నడుస్తుంది కదా అని ఎవరైనా అంటే నోరు మూయించడం తేలిక. అది మాక్రోలన్నిటినీ కరిగించేసి, స్టాండర్డ్ హెడర్లను కూడా తెచ్చి పోసేస్తుంది, వాడుకునేవాళ్లకు ఒక్క మాక్రో మిగలదు. ఎస్‌క్యూలైట్ వాళ్లు తమ కుట్టుపనికి టీసీఎల్ స్క్రిప్టు వాడతారన్న సంగతి మాత్రం ఈ చర్చలో ఎత్తకండి.

రిలీజ్ రోజు సాయంత్రం కొత్త స్క్రిప్టు ఎక్కడో ఆగిపోతుంది. అప్పుడు పక్క సీటులో ఉన్నవాణ్ని అడగండి. పన్నెండు పేర్ల ఆ పాత లైను అతని టెర్మినల్ హిస్టరీలో ఇంకా ఉంటుంది.