ప్లాన్ మారిస్తే లాగ్ పోతుందా?

మా రోజుల్లో నెట్ సెంటర్లో కౌంటర్‌స్ట్రైక్ ఆడుతుండగా ఆట బిగుసుకుపోతే ముందు బల్ల కిందికి దూరేవాళ్లం. పాతకాలపు కోయాక్సియల్ నెట్‌వర్కుల్లో చివరి కంప్యూటర్‌కు పెట్టిన 50 ఓమ్‌ల టెర్మినేటర్ ఊడిందంటే వరస మొత్తం పడిపోయేది. స్విచ్‌లు వచ్చాక ఆర్‌జె45 క్లిప్పులు విరిగేవి. మళ్లీ క్రింప్ చేసుకుని ఆడేవాళ్లం. తప్పెక్కడుందో వెతకడం ఆటలో భాగమే.

ఇప్పుడు ఇంటికి ఫైబర్ వచ్చింది, వెతికే ఓపిక పోయింది. బీజీఎంఐ ఆటలో పింగ్ ఎర్రబడితే చాలు, పిల్లలు 100 ఎంబీపీఎస్ తీసేసి 300 వేయించమని నాన్న ప్రాణం తోడేస్తారు. రోడ్డు వెడల్పు చేస్తే ఊరు దగ్గరవుతుందా? ఆటకు సెకనుకు కొద్ది కిలోబైట్లు చాలు, అవి ఆలస్యం లేకుండా చేరాలి, అంతే. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆట సర్వర్ సింగపూర్‌లో ఉందనుకోండి, హైదరాబాద్ నుంచి అది 3 వేల కిలోమీటర్ల పైమాటే. రానూపోనూ 30 మిల్లీసెకన్లకు తగ్గదు, ఎంత డబ్బు పోసినా సరే. ముంబై సర్వర్ ఉన్న ఆటలో దాన్ని ఎంచుకుంటే ఆ మేరకు కలిసొస్తుంది.

అసలు బాధ చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. రూటర్‌ను తీసుకెళ్లి టీవీ వెనక దాస్తారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కవాళ్ల వైఫైలు, బ్లూటూత్, చివరికి మైక్రోవేవ్ ఓవెన్ కూడా అడ్డొస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో ఈ బెడద తక్కువే కానీ గోడలు దాటేసరికి సిగ్నల్ బలహీనపడుతుంది. ఇంకో గదిలో ఎవరి ఫోన్లోనో ఫోటోలు బ్యాకప్ అవుతుంటాయి. అప్‌లోడ్ నిండిపోయి మన ఆట ప్యాకెట్లు రూటర్లో బారులు తీరుతాయి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. జిమ్ గెటీస్ అనే ఇంజనీరు 2010లో తన ఇంటి నెట్‌లోనే దీన్ని పట్టుకుని అందరికీ చెప్పాడు. స్పీడ్ టెస్టులో పెద్ద అంకె చూసి మురిసిపోయేవాళ్లకు ఇది కనిపించదు.

వైఫైతో నడిచే కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మీ రూటర్ చిరునామాకు పింగ్ కొట్టండి. ఆ అంకె 1 దగ్గర ఒకసారి, 80 దగ్గర ఒకసారి ఎగురుతుంటే తప్పు మీ వైఫైదే. నిలకడగా 1, 2 మిల్లీసెకన్లే ఉంటే ముందు ఇంట్లో బ్యాకప్‌లు ఆపి చూడండి, అప్పటికీ లాగ్ ఉంటే బయట వెతకండి, కస్టమర్ కేర్‌ను గట్టిగా అడగండి. ఏదేమైనా, ప్లాన్ మార్చే ముందు ఒక క్యాట్ 6 వైరు కొని రూటర్ నుంచి నేరుగా కంప్యూటర్‌కు పెట్టి ఒక సాయంత్రం ఆడి చూడండి.