ఒకే గది, ఒకే దీవి

నేను కర్టిస్ సీ-46 విమానాన్ని. బహామాస్ దేశంలో, ఎక్సూమా దీవుల వరుసలో నార్మన్స్ కే అనే చిన్న దీవి ఉంది. దాని పక్కన పెద్దగా లోతులేని నీళ్లలో 1980 నుంచి పడి ఉన్నాను. పోటు తగ్గినప్పుడు నా వీపు పైకి తేలుతుంది. ఇప్పుడు నాలో చేపలు తిరుగుతున్నాయి, వాటిని చూడటానికి పర్యాటకులు వస్తున్నారు.

మాది కష్టజీవుల వంశం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మమ్మల్ని మూడు వేలకు పైగా తయారుచేశారు. ఒక్కొక్కరికి రెండేసి ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు 2,000 గుర్రాల శక్తి. మా వాళ్లు ఎందరో మీ అస్సాం మైదానాల నుంచి లేచి, తూర్పు హిమాలయాల మీదుగా చైనాకు పెట్రోలు, మందుగుండు మోశారు. మంచులో, గాలివానలో కొండలకు గుద్దుకుని పోయిన వాళ్లకు లెక్కలేదు. యుద్ధం ముగిశాక మిగిలిన మమ్మల్ని అమ్మేశారు. ఎక్కువ బరువు మోస్తాం, తక్కువ ధరకు వస్తాం. దొంగ సరుకు వాళ్ల కళ్లు మా మీద పడింది అందుకే.

నన్ను చూడటానికి వచ్చేవాళ్లు ముక్కలైన రెక్కల్ని ఫొటో తీసుకుంటారు. నాకంటే ముందే ఇక్కడ ముక్కలైనది ఇంకొకటుంది. ఇద్దరు మనుషుల స్నేహం.

1974లో అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ జైల్లో ఆ ఇద్దరినీ ఒకే గదిలో పెట్టారు. ఒకడు జార్జ్ జంగ్, మసాచుసెట్స్ వాడు. మెక్సికో నుంచి చిన్న విమానాల్లో గంజాయి తెప్పించేవాడు. చికాగోలో 660 పౌండ్లతో, అంటే దాదాపు 300 కిలోల సరుకుతో దొరికిపోయాడు. రెండోవాడు కార్లోస్ లెహ్‌డర్, కొలంబియాలో పుట్టాడు, తండ్రి జర్మన్. దొంగ కార్ల వ్యవహారంలో జైలుకొచ్చాడు. జంగ్ కంటే ఏడేళ్లు చిన్న. ఒకడికి విమానాల సంగతి తెలుసు, కొనేవాళ్లు తెలుసు. ఇంకొకడికి కొకైన్ ఎక్కడ పుడుతుందో తెలుసు. పగలూ రాత్రీ అదే మాట, అదే లెక్క. ఆ కబుర్లు నేరం గురించే కావచ్చు. అయినా ఆ నెలల్లో ఒకరి మీద ఒకరికి నిజమైన నమ్మకం ఉండేదని నేననుకుంటాను. నమ్మకం లేకుండా అలాంటి రహస్యాలు ఎవరూ చెప్పుకోరు.

బయటికొచ్చాక మొదలుపెట్టింది సూట్‌కేసులతో. ఇద్దరు ఆడవాళ్లను విహారయాత్రకు వెళ్లినట్టు ఆంటిగ్వా పంపి, పెట్టెల్లో సరుకు తెప్పించారు. ఆ రోజుల్లో ఒకరు లేకపోతే ఇంకొకరికి పూట గడవదు. తెచ్చేవాడు కార్లోస్, అమ్మించేవాడు జార్జ్. కాలిఫోర్నియాలో సరుకు కొనే మనిషి ఎవరన్నది జార్జ్ ఒక్కడికే తెలుసు. అతని బలమంతా ఆ ఒక్క పేరులోనే ఉంది.

ఆ పేరు చెప్పమని కార్లోస్ పట్టుబట్టాడని, చివరికి చెప్పేశానని జార్జ్ తర్వాత వివరించాడు. కార్లోస్ నేరుగా ఆ మనిషితో బేరం కుదుర్చుకున్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు జార్జ్‌ను వదిలేశాడు.

కొన్నాళ్లు దీని గురించి ఆలోచించాను. కార్లోస్ పుట్టుకతోనే నమ్మకద్రోహి అనుకుంటే కథ సులువైపోతుంది. నాకలా తోచదు. సూట్‌కేసు నడవాలంటే స్నేహితుడు కావాలి. చిన్న విమానం నడవాలంటే నమ్మకమైన పైలట్ కావాలి. నాలాంటి భారీ విమానాలు దిగే వ్యాపారానికి మాత్రం రన్‌వే, తుపాకీ, లంచం ఉంటే చాలు. సరుకు కిలోల నుంచి టన్నులకు పెరిగేకొద్దీ మనిషితో పని తగ్గుతూ వచ్చింది. కార్లోస్ కోరికకు హద్దు లేదు. ఆ కోరికలో మొదటి స్నేహితుడికి చోటు మిగల్లేదు.

1978 నుంచి కార్లోస్ ఈ దీవిలో స్థలాలు కొనడం మొదలుపెట్టాడు. రన్‌వే పొడిగించాడు. ఆయుధాలు పట్టిన కాపలావాళ్లు, డాబర్‌మన్ కుక్కలు వచ్చాయి. ఏళ్లుగా ఇక్కడ ఇళ్లు కట్టుకుని ఉన్నవాళ్లు భయంతో వెళ్లిపోయారు. పేరున్న టీవీ వార్తాపాఠకుడు వాల్టర్ క్రాంకైట్ అంతటివాడి పడవను కూడా ఇక్కడ ఆగనివ్వలేదు. ఆ సంగతి ఆయనే తర్వాత కోర్టులో చెప్పాడు. నేను వచ్చేసరికి జార్జ్ పేరు ఎత్తేవాళ్లే లేరు. దిగబోయి రన్‌వే అందక నీళ్లలో పడ్డాను.

ఈ దేశం చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. దీవుల మీదుగా పోయే సరుకులో కొంత ఇక్కడే ఆగిపోయింది. 1980ల మొదట్లో రాజధాని నసావులో కొకైన్ పొగ పీల్చి పాడైపోయిన యువకులతో ఆసుపత్రులు నిండాయి. 1986లో లాన్సెట్ వైద్య పత్రిక దాన్ని మహమ్మారిగా వర్ణిస్తూ వ్యాసం వేసింది. అమెరికాకు వెళ్లే దారిలో ఉండటమే ఈ జనం చేసుకున్న పాపం.

1987 ఫిబ్రవరి 4న కొలంబియాలో కార్లోస్‌ను పట్టుకుని, వెంటనే విమానమెక్కించి అమెరికాకు పంపేశారు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో విచారణ జరిగింది. సాక్షిగా బోనెక్కినవాళ్లలో జార్జ్ ఉన్నాడు. దీవి గురించి చెప్పడానికి పైలట్లున్నారు, లెక్కల గురించి చెప్పడానికి ఇంకెవరైనా ఉంటారు. డాన్‌బరీ గదిలో పక్కపక్క మంచాల మీద నడిచిన మాటలు చెప్పగలిగేది మాత్రం జార్జ్ ఒక్కడే. వాళ్లిద్దరికే సొంతమైన ఆ జ్ఞాపకాలు ప్రభుత్వ న్యాయవాది చేతిలో సాక్ష్యాలయ్యాయి. జార్జ్‌ను నేను తప్పుపట్టను. మెచ్చుకోనూ లేను. ఒకప్పుడు ఎదుటివాడి గుండెలో దాచుకున్న మాట అదే మనిషి నోట కోర్టులో వినడం ఎలా ఉంటుందో తలచుకుంటే మాత్రం దిగులేస్తుంది.

1988లో కార్లోస్‌కు యావజ్జీవం, దానిపైన 135 ఏళ్ల శిక్ష పడింది. ఆ తర్వాత పనామా పాలకుడు నొరియేగా మీద సాక్ష్యం చెప్పి, దాన్ని 55 ఏళ్లకు తగ్గించుకున్నాడు. తన మీద స్నేహితుడు చేసిన పనే తానూ చేసి బయటపడే దారి వెతుక్కున్నాడు. 2020లో విడుదలై జర్మనీ వెళ్లాడు. జార్జ్ 1994లో మళ్లీ దొరికిపోయి, 2014 దాకా జైల్లోనే ఉన్నాడు. 2021 మే 5న సొంత ఊరు వేమత్‌లో చనిపోయాడు.

2001లో వచ్చిన 'బ్లో' సినిమా జార్జ్ కథే. అందులో కార్లోస్ స్థానంలో మారుపేరున్న ఇంకో మనిషి కనిపిస్తాడు. ఇక్కడేమో నా చుట్టూ ఈదేవాళ్లు చెప్పుకునేది లెహ్‌డర్ పేరొక్కటే. నా కథ విన్నవాళ్లు ఆ రెండు పేర్లూ కలిపి చెబితే బాగుండును. ఈ రన్‌వేకు మొదటి కొలతలు వేసింది ఈ దీవిలో కాదు, డాన్‌బరీలో ఆ ఇద్దరూ ఉన్న గదిలో.