ఎక్కడ ఆగిందో చూడకుండా

ఆ ఫోల్డర్‌ను చేజేతులా చెరిపేసింది నేనే. డిస్కు పాడవలేదు, వైరస్ సోకలేదు, పక్కన కూర్చుని ఎవరూ ఆ పని చెయ్యమనలేదు. గిట్ ఫెచ్ అనే ఒక్క కమాండ్ ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. దాన్ని బాగుచేస్తున్నాననుకుంటూ, నేనూ నా జూనియర్ అమ్మాయీ కలిసి రాసి ఇంకా సర్వర్‌కు పంపని కోడ్ మొత్తం తుడిచిపెట్టాను. అంతకు ముందే, ఇంటర్నెట్ లైన్ చూడటానికి వచ్చిన కుర్రాణ్ణి నోటికొచ్చినట్టు మాట్లాడి పంపేశాను. అసలు కారణం అతను నా ముందు నిలబడి చెప్పిందేనని తర్వాత తేలింది. ఈ రెండూ వేర్వేరు తప్పుల్లా కనిపిస్తాయి కానీ రెండింటికీ మూలం ఒకటే. పని ఎక్కడ ఆగిందో చూడకముందే, ఎందుకు ఆగిందో నాకు తెలిసిపోయిందనుకున్నాను.

అమ్మకు ఒంట్లో బాగుండటం లేదు. ఎయిమ్స్‌లో చూపించడానికి దగ్గరగా ఉంటుందని మంగళగిరిలో మా ఇంటికి వచ్చి, అక్కడినుంచే ఆఫీసు పని చేసుకుంటున్న రోజులవి. పాత ఊళ్ళో, గాలిగోపురానికి దగ్గర్లోనే మా వీధి. మొదట్లో ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చాను. ఇక లాభం లేదని ఫైబర్ లైన్ పెట్టించుకున్నాను. మా ఆఫీసు సర్వర్లు బయటి నెట్‌కు కనబడవు కాబట్టి ముందు విపిఎన్ కలుపుకోవాలి, ఆ తర్వాతే మా కోడ్ ఉండే గిట్ రిపో అందుతుంది.

కొత్త లైన్ వచ్చాక ఎప్పటిలాగే గిట్ ఫెచ్ కొట్టాను. కింది వరుసలో కర్సర్ మిణుకుమంటోంది, అంతే. ఎర్రర్ లేదు, శాతాలు లేవు. కంట్రోల్ సి కొట్టి ఆపి మళ్ళీ కొట్టినా అదే తీరు. యూట్యూబ్ చూస్తే ఎక్కడా ఆగకుండా ఆడుతోంది. విపిఎన్ గుర్తు పచ్చగానే ఉంది. ఆఫీసు సర్వర్‌ను పింగ్ చేస్తే ఠక్కున పలికింది. ఇవన్నీ చూశాక నాకు రావలసిన సందేహం ఒకటుంది. మామూలు పింగ్‌లో వెళ్ళేది 56 బైట్ల డేటా. అంత చిన్న పలకరింపుకు జవాబిస్తున్న సర్వర్, అసలు పని మొదలవగానే ఎందుకు మూగబోతోంది? ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. లైనే మంచిది కాదని తీర్మానించేసుకుని కంప్లయింట్ పెట్టాను.

కుర్రాడు కాజలో ఇంకో పని ముగించుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో బండి మీద వచ్చాడు. రూటర్ వెనక ఫైబర్ ఊడదీసి మీటర్‌తో సిగ్నల్ చూశాడు. మళ్ళీ తగిలించి, "లైన్ బాగానే ఉంది సార్. మీరు కంపెనీ విపిఎన్ ఏమన్నా వాడతారా?" అన్నాడు.

"వాడితే?"

"రత్నాల చెరువు కాడ ఒకరింట్లో ఇట్టాగే అయింది సార్. చిన్న చిన్నవన్నీ వచ్చేవి, పెద్దవి ఆగిపోయేవి. లాప్‌టాప్‌లో ఎంటీయూ తగ్గించుకున్నాక సరిపోయింది."

నేను కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు. "నేను చేసేది సాఫ్ట్‌వేర్ పనే. నువ్వు నాకు నెట్‌వర్కింగ్ నేర్పక్కర్లేదు. నీ లైన్ సంగతి నువ్వు చూసుకో" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, అవి ఇక్కడ రాయడానికి కూడా మనసొప్పడం లేదు. అతను మారు మాట్లాడలేదు. "ఏదన్నా ఉంటే ఫోన్ చెయ్యండి సార్" అని వెళ్ళిపోయాడు. లోపలి గదిలోంచి అంతా విన్న నాన్న, "ఎండన పడి వచ్చాడు, ఆ పిల్లాడికి మంచినీళ్ళన్నా ఇవ్వలేదేరా" అన్నారు. నేను జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత నా చేతులు ఊరుకోలేదు. గిట్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. సర్వర్‌తో మాట్లాడటానికి గిట్ వాడే ఎస్ఎస్‌హెచ్ కీ మార్చాను. రిపోనే ఎక్కడో చెడిందేమో అన్న అనుమానం పట్టుకుంది. సాయంత్రానికి ఓపిక నశించింది. మొత్తం తీసేసి కొత్తగా క్లోన్ చేసుకుంటే పోతుందని, టెర్మినల్‌లో ఆర్ఎం కమాండ్‌తో ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను చెరిపేశాను. అలా చెరిపింది చెత్తబుట్టలోకి వెళ్ళదు, వెనక్కి తీసుకోవడం కుదరదు. క్లోన్ కొట్టాను. 'క్లోనింగ్ ఇంటూ' అన్న వరుస పడి, అది కూడా అక్కడే ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, పుష్ చెయ్యని, అంటే సర్వర్‌కు పంపని బ్రాంచ్ ఆ ఫోల్డర్‌లోనే ఉందని.

ఇందులో నా తెలివితక్కువతనం ఎంతో గిట్ వాడేవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. వాడనివాళ్ళకు కాస్త చెప్పాలి. కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచిపెట్టే సాధనం గిట్. లినక్స్ కెర్నల్ రాసేవాళ్ళకు ఉచితంగా దొరుకుతూ వచ్చిన అలాంటి సాధనం బిట్‌కీపర్ ఇక దొరకదని తేలినప్పుడు, 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టారు. ఆ ఏడాది జూలైలో జునియో హమానో దాని బాధ్యత తీసుకున్నారు. ప్రతి క్లోన్‌లోనూ ప్రాజెక్ట్ చరిత్ర అంతా ఉండాలన్నది దాని మూల సూత్రం. సర్వర్ పోయినా ఎవరో ఒకరి దగ్గర అంతా భద్రంగా ఉంటుంది. ఆ భరోసా నలుగురికీ పంచినదానికే. కమిట్ చేసి పుష్ చెయ్యనిది నా డాట్ గిట్ ఫోల్డర్‌లో తప్ప లోకంలో ఇంకెక్కడా ఉండదు. స్టాష్ చేసి పక్కన పెట్టినవీ అందులోనే. పొరపాటున పోగొట్టుకున్న కమిట్‌ను వెతికి తెచ్చుకోవడానికి గిట్ రాసిపెట్టే రెఫ్‌లాగ్ కూడా అందులోనే. నేను చెరిపింది ఫైళ్ళను మాత్రమే అయితే అన్నీ తిరిగొచ్చేవి. డాట్ గిట్‌తో సహా చెరిపాను.

పైగా ఫెచ్ మన ఫైళ్ళ జోలికి రాదు. అవతల చేరిన కొత్త కమిట్లను తెచ్చి పక్కన పెట్టడం వరకే దాని పని. వాటిని మన పనిలో కలపడం పుల్ చేసే రెండో అడుగు. ఫెచ్ నడుస్తుండగా మధ్యలో ఆపినా, పూర్తిగా రానిదాన్ని గిట్ లెక్కలోకి తీసుకోదు. ఆ రోజు ఆగిపోయిన ఫెచ్ నాకు ఏ హానీ చెయ్యలేదు, అలా రోజంతా వదిలేసినా చేసేది కాదు. జరిగిన హాని అంతా నా వేళ్ళు చేసిందే.

రాత్రి నా జూనియర్‌కు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ అమ్మాయికి అది మొదటి ఉద్యోగం. తను రాసినవి ప్యాచ్‌లుగా మెయిల్‌లో పంపేది, నేను నా బ్రాంచ్‌లో కలుపుకుని సవరించేవాణ్ణి. పుష్ చేసేద్దామా అని తను అడిగినప్పుడల్లా, ఇంకాస్త శుభ్రం చేశాక చేద్దాం అంటూ వచ్చింది నేనే. ఆ అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. "నా ప్యాచ్‌లు సెంట్ మెయిల్‌లో ఉంటాయి, పంపుతాను" అంది. వాటిని గిట్ ఏఎంతో వరుసగా పేర్చుకుంటే ఆమె పేరుతో, ఆమె రాసిన తేదీలతోనే తిరిగొచ్చాయి. నా సవరణలు, ఏది ఎందుకు మార్చానో వివరంగా రాసుకున్న కమిట్ సందేశాలు మాత్రం పోయాయి. కోడ్ మళ్ళీ రాసుకోవచ్చు. ఒక దారి ఎందుకు వదిలేశామో, ఇంకో దారి ఎందుకు పట్టామో అప్పటికప్పుడు రాసుకున్న మాటలు మళ్ళీ రావు.

మొట్టమొదట చెయ్యాల్సిన పని ఆ తర్వాత గానీ నేను చెయ్యలేదు. గిట్ ఎస్ఎస్‌హెచ్ కమాండ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో 'ఎస్ఎస్‌హెచ్ హైఫన్ వి' అని ఇచ్చి ఫెచ్ కొట్టాను. అలా ఇస్తే లోపల జరిగే సంభాషణంతా తెరమీదికి వస్తుంది. 22వ పోర్ట్‌లో కనెక్షన్ కుదిరింది. రెండు వైపులా తమ తమ వెర్షన్లు చెప్పుకున్నాయి. తాళాల మార్పిడి మొదలైంది. 'ఎక్స్‌పెక్టింగ్ ఎస్ఎస్‌హెచ్2 మెసేజ్ కెక్స్ ఈసీడీహెచ్ రిప్లై' అన్న వరుస దగ్గర నిలిచిపోయింది. అంటే వ్యవహారం నా కీ దాకా గానీ, రిపో దాకా గానీ వెళ్ళనే లేదు. నేను మార్చిన కీకీ, చెరిపిన ఫోల్డర్‌కీ ఈ జబ్బుతో సంబంధమే లేదు. ఆ సంభాషణలో మొదటిసారి పెద్ద ప్యాకెట్లు నడిచేది తాళాల మార్పిడి దగ్గరే. అవే ఎక్కడో పోతున్నాయి. పెద్దవి ఆగిపోయేవి అని ఆ కుర్రాడు చెప్పింది అక్షరాలా ఇదే.

విపిఎన్ ఆపేసి, ప్యాకెట్‌ను ముక్కలు చెయ్యకూడదన్న షరతుతో విపిఎన్ సర్వర్‌నే పింగ్ చేశాను. 1464 బైట్లు పంపితే జవాబు వచ్చింది. 1472 పంపితే రాలేదు. హెడర్ల 28 బైట్లు కలిపితే మొదటిది 1492, రెండోది 1500. మామూలు ఈథర్నెట్ మీద ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. ఆ హద్దునే ఎంటీయూ అంటారు. పీపీపీఓఈతో లాగిన్ అయ్యే లైన్లలో ఆ ఏర్పాటుకే 8 బైట్లు ఖర్చవుతాయి, మిగిలేది 1492. నా విపిఎన్ మాత్రం 1500 ఉన్నాయన్న లెక్కతోనే ప్యాకెట్లు కట్టి పంపుతోంది.

ఇలాంటప్పుడు ఏం జరగాలో 1990లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1191లో మోగల్, డీరింగ్ రాసిపెట్టారు. దారిలో ఇరుకైన చోట ఉన్న రూటర్ తనకు పట్టని ప్యాకెట్‌ను పారేసి, ఇది పెద్దది, ఇంతకు తగ్గించు అని పంపినవాళ్ళకు ఐసీఎంపీ సందేశం తిప్పి పంపాలి. మంగళగిరి వాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొండ మీద పానకాల స్వామి నోట్లో పానకం పోస్తుంటే గుటక వేసిన చప్పుడు వినబడుతుంది. సగం అయ్యాక ఆ చప్పుడు ఆగుతుంది, మిగతా సగం ప్రసాదంగా తిరిగొస్తుంది. ఎక్కడ ఆపాలో స్వామే చెబుతాడని మన నమ్మకం. నెట్‌వర్క్‌లో కూడా ఆ 'చాలు' అన్న మాట వెనక్కి రావాలి. భద్రత కోసమని ఐసీఎంపీని మొత్తంగా అడ్డుకునే ఫైర్‌వాల్ దారిలో ఒక్కటున్నా ఆ మాట రాదు. పంపినవాళ్ళకు కారణం తెలియదు, అదే ప్యాకెట్‌ను మళ్ళీ మళ్ళీ పంపుతుంటారు. మామూలు అమరికలో లినక్స్ అలా దాదాపు 15 నిమిషాలు ప్రయత్నించాకే ఇక కుదరదని చెబుతుంది. 2000లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2923 ఈ జబ్బును బ్లాక్ హోల్ అనే పేరుతోనే వివరించింది. విపిఎన్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూను 1380కి తగ్గించి ఫెచ్ కొట్టాను. 'రిసీవింగ్ ఆబ్జెక్ట్స్' అంటూ శాతాలు పెరుగుతూ పోయాయి.

అప్పుడు ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. "తమ్ముడూ, నువ్వు చెప్పిందే నిజమైంది. నేను నీతో అలా మాట్లాడి ఉండకూడదు, ఏమీ అనుకోవద్దు" అన్నాను. "పర్లేదు సార్, పనైంది కదా" అన్నాడు. ఇది నీకెలా తెలుసని అడిగితే, "ఎయిమ్స్ వైపు, ఆటోనగర్ వైపు ఇంటికాడ్నుంచి పనిచేసేవాళ్ళు ఎక్కువయ్యారు సార్. ఒకరింట్లో వాళ్ళ కంపెనీ వాళ్ళు ఫోన్లో చెబుతుంటే విని రాసిపెట్టుకున్నా" అన్నాడు. అతను తెలియనిది విని రాసిపెట్టుకున్నాడు. నేను తెలుసనుకుని వినకుండా పోగొట్టుకున్నాను. అతనికి తెలిసింది ఎన్నో ఇళ్ళు తిరిగి చూసిన సంగతి, నాకు తెలిసింది నా బల్ల మీది సంగతి. చదువు ఎక్కువైనంత మాత్రాన ఆ తేడా చెరిగిపోదు.

ఫెచ్ ఆగడానికి ఇదొక్కటే కారణం కాదు. పాస్‌వర్డ్ అడుగుతున్న ప్రశ్న మనకు కనబడని చోట, క్రాన్‌లోనో ఎడిటర్ వెనకాలో, జవాబు కోసం వేచి ఉండొచ్చు. గిట్ టెర్మినల్ ప్రాంప్ట్ విలువ 0 చేస్తే టెర్మినల్‌లో అడగడం మాని వెంటనే ఎర్రర్ చెబుతుంది. కొన్ని కాలేజీలు, ఆఫీసుల నెట్‌లో 22వ పోర్ట్ మూసేసి ఉంటుంది. గిట్‌హబ్ అయితే 443వ పోర్ట్‌లో కూడా ఎస్ఎస్‌హెచ్ తీసుకుంటుంది. ఐపీవీ6 సగం పనిచేసే లైన్లలో ఫెచ్‌కు హైఫన్ 4 ఇచ్చి చూడాలి. రిపో పెద్దదైతే సర్వర్ నిజంగానే లెక్కలు కట్టుకుంటూ ఉండొచ్చు. పాత ప్రోటోకాల్‌లో సర్వర్ తన దగ్గరున్న బ్రాంచ్‌లు, ట్యాగ్‌లు అన్నింటి జాబితా ముందే పంపేది. 2018లో గిట్ 2.18తో వచ్చి, 2020లో అందరికీ డిఫాల్ట్‌గా మారిన రెండో వెర్షన్‌లో గిట్ మనకు కావలసినవే అడుగుతుంది. ఇన్ని కారణాల్లో ఏదో తెలిసేది ఊహతో కాదు, ఆఖరి వరుస చదివితేనే.

ఇప్పుడు ఏ రోజు పని ఆ రోజే నా పేరుతో ఉన్న బ్రాంచ్‌కు పుష్ చేస్తున్నాను, ఎంత చిందరవందరగా ఉన్నా సరే. ఏ ఫోల్డర్‌నూ చెరపను, పేరు మార్చి పక్కన పెడతాను. మీ తెర మీద ఇప్పుడే ఒక ఫెచ్ ఆగిపోయి ఉంటే నా మనవి ఇదే. ఫోల్డర్ జోలికి పోకండి. ఎస్ఎస్‌హెచ్‌కు హైఫన్ వి పెట్టి, ఎక్కడ ఆగిందో ఆ వరుసను పూర్తిగా చదవండి. ఈలోగా మీ ఇంటికొచ్చిన మనిషి ఏదైనా చెప్పబోతే, మీకెంత తెలిసినా సరే, చివరిదాకా చెప్పనివ్వండి.