కవరు కింద మేనేజరుగారు

నరసాపురంలో మేనేజరుగారు అంటే ఉద్యోగం కాదు, ఒక జాతి. బ్యాంకులో రిటైరైనా, కాలేజీలో లెక్కలు చెప్పినా లక్షణాలు మాత్రం మారవు. కొడుకు డాలస్‌లోనో, కూతురు న్యూజెర్సీలోనో ఉంటారు. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఏపీ 37 నంబరు కారుంటుంది. 2019లో కొత్త బళ్ళకి జిల్లా నంబర్లు తీసేసి రాష్ట్రమంతా ఒకటే 39 మొదలుపెట్టారు కాబట్టి, ఎవరైనా దాన్ని పాతబండి అంటే ఆయన ఊరుకోరు. "పాతది కాదు, మన జిల్లాది" అని సరిదిద్దుతారు.

ఆ కారు ఏడాది పొడుగునా చేసే యాత్రలు రెండే: భీమవరంలో కంటి డాక్టరు, పాలకొల్లులో ఎవరిదో పెళ్ళి. మిగతా రోజుల్లో దాన్ని తుడుస్తారు. అయినా ఆవకాయ పెట్టడం అయ్యాక అమెరికా ప్రయాణం కుదిరిందంటే చాలు, ఆరునెలలు బండిని వదిలి ఎలా వెళ్ళాలన్నది ఇంటిల్లిపాదికీ సమస్యైపోతుంది. సూట్‌కేసుల బరువు, పూతరేకుల డబ్బాలు, వీసా కాగితాలు అన్నీ వాళ్ళావిడ చూసుకోవాలి. ఆయన కారు చూసుకుంటారు.

ముందుగా రెండువందల పేజీల నోటు పుస్తకం ఒకటి కొంటారు. మొదటి పేజీలో 'శ్రీరామ', రెండో పేజీలో 'బ్యాటరీ'. బండి కదలకపోయినా గడియారం, లాకు కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటాయని, నెలా రెండు నెలల్లో బ్యాటరీ చచ్చిపోతుందని ఆయన వాదన. వాదన సరైనదే. పది నంబరు స్పానరుతో ముందు మైనస్ తీగే విప్పాలి, ప్లస్ జోలికి వెళ్ళకూడదు. ఇదీ సరైనదే. కానీ ఆ ఒక్క బోల్టు విప్పడానికి మెకానిక్కు రావాలి, టార్చి పట్టుకోవడానికి పక్కింటి కుర్రాడు రావాలి, కాఫీలు ఇవ్వడానికి ఆవిడ రావాలి.

"నలభై ఏళ్ళలో నా బీపీ ఎంతుందో ఒక్కసారి అడిగారా? దాని టైర్లలో గాలి మాత్రం పూటపూటా చూస్తారు" అంటుంది ఆవిడ.

"నువ్వు నడుస్తున్నావు కదే! అది ఆర్నెల్లు ఒకే చోట నిలబడాలి. బరువంతా ఒక్క వైపే పడితే టైరు చదునైపోద్ది" అంటారాయన, గాలి నాలుగు పాయింట్లు ఎక్కువ కొట్టిస్తూ.

హ్యాండ్‌బ్రేకు దగ్గర ఆయన పాండిత్యం మరీ విప్పారుతుంది. సముద్రం దగ్గర్లోనే ఉంది, గాలిలో ఉప్పుంది, పైగా వచ్చేది వర్షాకాలం. హ్యాండ్‌బ్రేకు వేసి వదిలేస్తే లైనింగు తుప్పుతో డ్రమ్ముకి పట్టేస్తుంది. కాబట్టి మొదటి గేరులో పెట్టి, చక్రాలకి ఇటుకలు వేయాలి. ఆ ఇటుకలు ఎంచడానికి రెండు బట్టీలు తిరుగుతారు. కూతురి పెళ్ళికి అన్ని సంబంధాలు చూడలేదని వీధిలో చెప్పుకుంటారు.

ట్యాంకు నిండుగా పోయించాలన్నది పాత సూత్రం. ఖాళీ చోటు లేకపోతే లోపల గాలి ఉండదు, గాలి లేకపోతే తేమ చేరదు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ వస్తోంది, అది తేమని లాక్కుంటుంది. అందుకని నింపాలా వద్దా అని వారం రోజులు మథనపడి, చివరికి మెకానిక్కునే అడుగుతారు.

"నింపేయండి బాబూ, వచ్చాక కొత్త పెట్రోలు కలిపి తిప్పేద్దాం" అంటాడతను.

"నేనూ అదే అనుకున్నాను" అంటారీయన.

తరువాతి పేజీ ఎలుకలు. దాళ్వా కోతలయ్యాక చేలల్లో ఎలుకలు ఊళ్ళోకొస్తాయని, వాటికి వైర్ల పైతొడుగు అంటే మహా ఇష్టమని ఆయన నమ్మకం. బానెట్‌ కింద పొగాకు కాడలు, సీట్ల కింద కలరా ఉండలు, షెడ్డు మూలన ఎలుకల్ని పట్టే వెదురు బుట్ట. ఎలుకల సంగతి తెలియదు గానీ, ఆ వాసనకి ఆవిడ కారు దగ్గరికి రావడం మానేస్తుంది.

ఇక కవరు. నరసాపురం లేసుల ఊరు. మిషనరీ దొరసానులు నేర్పిన కుట్టుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. టీవీకి లేసు, ఫ్రిజ్‌కి లేసు, మంచినీళ్ళ కుండకీ లేసు వేసే ఊళ్ళో కారుని ఒట్టినే ఎలా వదులుతారు? స్టీరింగు మీద లేసు గుడ్డ, దానిపైన దుప్పటి, ఆపైన కవరు, అన్నిటికీ పైన నల్ల టార్పాలిన్. "టార్పాలిన్ వేస్తే తడి లోపలే ఉండిపోద్దండి, ఒట్టి గుడ్డ కవరు చాలు" అని మెకానిక్కు మొత్తుకుంటాడు. ఆయన చరిత్రలోకి దిగుతారు. "ఒరేయ్, మన మాధవాయిపాలెం రేవులో పదిహేడో శతాబ్దంలోనే ఇంగ్లీషువాళ్ళ ఓడలకి మరమ్మతులు చేశారు మనవాళ్ళు. సముద్రాలు దాటిన ఓడలకే దిక్కు చూపిన ఊరికి నువ్వు కవరు నేర్పుతావా?"

"ఆయ్" అంటాడు మెకానిక్కు. గోదావరి జిల్లాలో ఆ మాటకి అవునని, కాదని, నీ ఖర్మని మూడర్థాలు.

తాళాలు పక్కింటి కుర్రాడి చేతికి అందుతాయి.

"పదిహేను రోజులకోసారి స్టార్టు చెయ్యి."

"బ్యాటరీ పీకేశారు కదండీ మావయ్యగారూ?"

"తగిలించి, స్టార్టు చేసి, మళ్ళీ పీకు."

అయిదు నిమిషాలు ఊరికే ఇంజిను తిప్పితే మేలు కంటే కీడే ఎక్కువ. బ్యాటరీకి పోయినంత చార్జి తిరిగి రాదు, సైలెన్సరులో నీరు మిగిలిపోతుంది. నడిపితే అరగంట నడపాలి, లేదంటే ముట్టుకోకూడదు. ఈ మాట కుర్రాడికి తెలుసు, చెప్పడు. ఎందుకంటే నోటు పుస్తకంలో 'బయటికి తీయరాదు' అని ఎర్ర సిరాతో ఉంది.

అమెరికా వెళ్ళాక వాళ్ళ రాత్రి భోజనాల వేళ, అంటే ఇక్కడ మన కాఫీల వేళకి ఫోను మోగుతుంది. "బంగాళాఖాతంలో అల్పపీడనమట కదరా, టార్పాలిన్ తాడు చూశావా?" ఊరి సంగతులన్నీ ఈ తాడు పట్టుకునే లాగుతారు: వీధి లైటు, కుళాయి నీళ్ళు, ఎదురింటి వియ్యంకుల తగువు. కుర్రాడికి మొదట్లో విసుగు. తరువాత అర్థమవుతుంది. అక్కడ మేనేజరుగారికి ఎవరూ తాళాలివ్వరు. అల్లుడు నడిపే కారులో వెనక సీటు ఆయనది. వేళకి మాత్రలు, తలుపులు మూసిన ఇల్లు, బయట మంచి ఎండున్నా పలకరించే మనిషి లేని వీధి. శనివారం మాత్రం బయటికి తీసి, బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడిదాకా తిప్పి, మళ్ళీ తెచ్చి ఇంట్లో పెడతారు. ఆరునెలలు నిలిపి ఉంచింది అసలు ఎవరినో అప్పుడు తెలుస్తుంది.

కార్తీకమాసానికి దంపతులు దిగుతారు. వీధంతా షెడ్డు ముందు చేరుతుంది. టార్పాలిన్, కవరు, దుప్పటి, లేసు వరసగా లేస్తాయి. మైనస్ తీగ బిగుస్తుంది. చక్రాల కింద నిమ్మకాయలు పడతాయి. తాళం తిప్పగానే బండి ఒక్క గురక పెట్టి లేస్తుంది. చప్పట్లు.

"పదండి, పాలకొల్లు క్షీరారామం వెళ్ళొద్దాం. కార్తీక సోమవారం కదా" అంటుంది ఆవిడ ఉత్సాహంగా.

మేనేజరుగారు ఇంజిను ఆపి, ఆకాశం వంక ఓసారి, రోడ్డు వంక ఓసారి చూస్తారు. "ఇప్పుడే కడిగాం కదే. దారంతా దుమ్ము" అంటూ కవరు అంచు వెతుకుతారు.

ఆవిడ ఏమీ అనదు. ఆటో అబ్బాయికి పొద్దున్నే ఫోను చేసేసింది.